పెదనాన్న నింపిన గిన్నెలు

ఎవరైనా గ్లాసు అంచుదాకా నీళ్లు పోసి ముందు పెడితే నాకు ఇప్పటికీ మా పెదనాన్నే గుర్తొస్తాడు.

ఎనభైల్లో, మాచర్లలో మా ఇంటి ముందు వేసిన శ్రీరామనవమి పందిట్లో ఆయన కూతురైన మా అక్క మొదటి జలతరంగం కచేరీ. స్వరానికి తగ్గట్టు ఒక్కో పింగాణీ గిన్నెలో నీళ్లు పోసుకుని, చీర మార్చుకోవడానికి లోపలికెళ్లింది. ఆ సగమే నిండిన గిన్నెలు పెదనాన్నకు అవమానంగా తోచాయి.

"మనింట్లో నీళ్లకు కరువా ఏందిరా? ఊరంతా చూస్తావుంది, నింపండి!" అని బిందె తెప్పించి అన్నీ అంచుదాకా పోయించాడు. బావులెండిన ఎండాకాలమది. ఆయన డాబంతా ఆ బిందెలోనే ఉంది.

అక్క వచ్చి పుల్లతో కొట్టింది. నీళ్లు ఎక్కువైతే స్వరం కిందికి దిగుతుంది. సన్నగా పలకాల్సిన గిన్నెలన్నీ బొంగురుగా మూలిగాయి. తండ్రి ముందే పారబోస్తే రభస. అందుకని ఒక్కో గిన్నె ఎత్తి గుక్కెడు తాగి, కొట్టి విని, మళ్లీ తాగింది. శ్రుతి చేసుకుంటోందని తెలిసే వయసు కాదు నాది, భయంతో దాహమేసిందనుకున్నాను.

"కచేరీనా, చలివేంద్రమా అమ్మాయ్?" అని ఎవరో అరిస్తే పందిరంతా నవ్వింది. అక్క తలెత్తలేదు. చివరి గిన్నె కూడా దారికొచ్చాకే వాయించింది. నవ్వినవాళ్లే చప్పట్లు కొట్టారు.

పెదనాన్న కండువా సర్దుకుని పక్కాయనతో అన్నాడు: "చూశావా బావా, నిండుగా పోయిస్తే ఎట్టా పలికిందో!"