శక్కర బీమారి

పెళ్లయి సూరత్ వచ్చిన కొత్తలో, అక్కడి లింబాయత్‌లో నేనెక్కిన ఆటోను కారు గుద్దింది. గాయాలు మానినా, మెడ తిప్పితే చాలు కళ్లు తిరిగేవి. డాక్టరు తలైనా ఎత్తకుండా "చక్కర్ హై" అని మాత్రలు రాశాడు.

"శక్కర బీమారట!" అని, వెంటొచ్చి ఆ మాట విన్న అత్తమ్మ నా చాయ్‌లో చక్కెర బంద్ చేసింది.

ఓ రోజు బట్టలారేస్తూ కళ్లు తిరిగి పడిపోయాను. కోపమొచ్చింది. మళ్లీ ఆ డాక్టరు దగ్గరికే వెళ్లి, వచ్చీరాని హిందీలో "శక్కర్ నహీ! కార్ మారా! గర్దన్ దేఖో!" అని మెడ చూపిస్తూ అరిచాను. వెనక జనం గొణుగుతున్నా కుర్చీ వదల్లేదు.

చక్కర్ అంటే షుగర్ కాదు, కళ్లు తిరగడమని చెప్పి నర్సు పడీపడీ నవ్వింది. డాక్టరు మాత్రం నవ్వలేదు. లేచొచ్చి మెడ పట్టి చూశాడు. స్కాన్ తీస్తే కారు దెబ్బకు నరం నలిగిందని తేలింది.

ఇంటికి రాగానే "అత్తమ్మా, చాయ్‌ల శక్కర జర ఎక్కువెయ్యి" అన్నాను.

ఇది చెప్పుకోవడానికి సిగ్గు లేదా అంటారు. ముట్టుకోకుండానే మందు రాసినాయనకు లేని సిగ్గు నాకెందుకు?