వేంపల్లెలో విదేశీ ఆటల యంత్రం

టీవీకి తగిలించి ఆడే విదేశీ ఆటల యంత్రాలు మన దగ్గర ఎందుకు అమ్ముడుపోవో నన్ను అడగండి. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, వేంపల్లె బజారులో టీవీలు, మిక్సీలు అమ్మే మా అంగట్లో అట్లాంటివి పది దింపాను. జిల్లాలో ఎవరికీ లేని ధైర్యం నాది. సరే, పది కాదు, ఒకటి. అది కూడా మద్రాసు ఏజెంటు అంటగట్టింది.

దాన్ని అంగడి ముందరి అద్దాల అల్మరాలో పెట్టాను. ఆ చోటు మిక్సీలకు కావాలని మా ఆవిడ పోరు.

"దసరా దాకా చూస్తా. అంతలోపల అది అమ్ముడుపోకపోతే అల్మరా తాళం నాకీయల్ల. ఇంగ ఆడ ఏం పెట్టల్లన్నా నన్నే అడగల్ల" అంది.

అప్పటికి ముప్పై ఏళ్ళుగా ఆ తాళం నా మొలతాడుకే ఉంది. అంగట్లో నా పెద్దరికమంతా అదే.

మొదట చీనీకాయల తోట రైతొకాయన భార్యతో వచ్చాడు. యంత్రాన్ని టీవీకి తగిలించి, తెరమీద కారు పరుగెత్తించాను. ఆయన నోరు తెరిచాడు. ఆమె మూయించింది.

"ఎంతమంది ఆడచ్చన్నా దీన్ని?"

"ఇద్దరమ్మా."

"మా ఇంట్లో తొమ్మిదిమంది ఉండాం. తక్కినోళ్ళం మీటలు నొక్కే ఆ ఇద్దరి బొటనవేళ్ళు చూస్తా కూచోవల్లనా? పగలు కరెంటుండదు, సాయంత్రం నా సీరియళ్ళు. ఇంగ ఆడేదెప్పుడు?"

"చెడిపోతే యాడ బాగుచేస్తారప్పా?" అన్నాడు రైతు.

"మద్రాసులో."

"మోటారు కాలితే పులివెందులకు పోయేదానికే తీరికలేదు నాకు" అని లేచాడు.

నాకప్పుడే తెలిసిపోయింది. ఆ దేశాలవాళ్ళు మనిషికొక టీవీ ఉంటుందనుకొని దాన్ని తయారుచేశారు. మా సీమలో టీవీ ఇంటిది, రిమోటు ఇల్లాలిది. ధర తగ్గించి ఏం లాభం? ఈ మాట చెబితే కంపెనీ పెద్దలు మెచ్చుకుంటూ ఉత్తరం రాశారు. రాయలేదులెండి. ఏజెంటు ఫోను పెట్టేశాడు. మాట మాత్రం నిజం.

దసరా నాడు, చుట్టాలింటికి వచ్చిన ఆత్మకూరు బట్టల వ్యాపారి అంగట్లో అడుగుపెట్టాడు. ఇంట్లో రెండు టీవీలట! "ఆడిచ్చి చూపీప్పా, తీసకపోతా" అన్నాడు. మా ఆవిడ ముఖం వాడిపోయింది. నేను మీసం దువ్వి, డిస్కు వేశాను. గిరగిరా తిరిగింది. తెర నల్లగానే ఉంది. మూడుసార్లు వేశాను.

"ఏమప్పా, పండగ పూట నల్లతెర చూపిస్తాండావు?" అని ఆయన వెళ్ళిపోయాడు.

మా ఆవిడ మూత ఎత్తి చూసింది. డిస్కు కింద, దాన్ని చదివే చిన్న గాజుబిళ్ళ మీద ఎర్రగా కుంకుమ. ముందురోజు ఆయుధపూజ, అంగట్లో ప్రతి వస్తువుకీ బొట్లు పెట్టింది నేనే.

"అన్నిటికీ పైన పెడితిరి. దీనికి కడుపులో ఎందుకు పెడితిరి?"

"ఎట్లన్నా పోవల్లని, గుండె చూసి పెట్టినా."

ఆమె నవ్వుతూనే చెయ్యి చాపింది. తాళం విప్పి ఇచ్చాను. కంపెనీ సరుకే చెడ్డదని ఇన్నేళ్ళూ ఊరంతా చెప్పాను. ఆ ఒక్కటీ అబద్ధం.

సాయంత్రం, మిక్సీల పక్కన ఇస్త్రీపెట్టె ఒకటి పెట్టచ్చా అని అడిగాను.

"చూస్తాం" అంది.