చివరి పెట్టెలో మనిషి

ఆయన్ని అందరూ గార్డుగారనే అనేవాళ్లు. నోరారా పేరు పెట్టి పిలిచే ఒక్క మనిషీ, అంటే ఆయన భార్య, పోయి తొమ్మిదేళ్లయింది. పెళ్లై వెళ్లిన కూతురు ఆదివారం ఫోన్ చేసి "తిన్నావా నాన్నా?" అంటుంది. "తిన్నానమ్మా" అనేసరికి ఇద్దరికీ మాటలు అయిపోతాయి.

రిజర్వేషన్ లేని ప్యాసింజరు రైల్లో ఆయన ఉద్యోగం. ఇరవై గంటల ప్రయాణంలో పగటి సగం ఆయన వంతు. ముందు పెట్టెల్లో జనం సీటు కోసం కొట్టుకుని, గంట తిరక్కుండా డబ్బాలు విప్పి పంచుకుని, దిగేటప్పటికి అక్కా బావా అనుకునేవాళ్లు. ఆ సందడి గాలివాటుకి ఆయన దాకా వచ్చేది. చివరి పెట్టెలో మాత్రం ఆయనా, ఇనప పెట్టే, రెండు జెండాలూ.

ఒకరోజు ఓ చిన్న స్టేషన్లో డెబ్భై ఏళ్లావిడ సంచి గుండెకి హత్తుకుని పెట్టె పెట్టెకీ తిరిగింది. తలుపుల దగ్గర మనుషులు వేలాడుతున్నారు. చివరికి వచ్చి, సంచి కింద పెట్టి, ఊరికే నిలబడింది. బయటివాళ్లని ఎక్కించుకోకూడదు. విజిల్ నోట్లో ఉండగానే ఆయన చెయ్యి చాపాడు.

ఆవిడ ఇనప పెట్టె మీద కూర్చుంది. మొదట ఎండ గురించి అన్నాడు. తర్వాత ఏమైందో, భార్య జబ్బు, ఆస్పత్రిలో ఆఖరి వారం, కూతురితో మాటలు దొరక్కపోవడం, అన్నీ చెప్పేశాడు. స్టేషన్ వస్తే జెండా ఊపడం, మళ్లీ అందుకోవడం. ఆవిడ తలాడిస్తూనే ఉంది.

నాలుగు గంటలయ్యాక దిగబోతూ ఆయన చెయ్యి పట్టుకుంది. "నాకు చెవుడు నాయనా. ఒక్క ముక్కా వినపడలేదు. పాపం, ఎన్నాళ్లయిందో నువ్వు మాట్లాడి!"

ఆయనకి నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి.

ఆవిడ దిగడం ప్లాట్‌ఫాం మీదున్న పైఅధికారి కంట పడింది. వారం తిరక్కుండా పిలిచారు.

"ఎవరావిడ?"

"తెలియదండీ."

"మరెందుకు ఎక్కించుకున్నారు?"

రద్దీ అనొచ్చు, ముసలిప్రాణం అనొచ్చు. "ఎక్కించుకున్నది జాలేసే. తర్వాత మాత్రం నా కోసమే కూర్చోబెట్టుకున్నానండి," అన్నాడు.

మూడు నెలలు రైలెక్కనివ్వకుండా పాత కాగితాల గదిలో వేశారు. అక్కడా ఒకటే కుర్చీ.

ఓ సెలవు రోజు టికెట్ కొనుక్కుని అదే రైల్లో, నడిమి పెట్టెలో ఎక్కాడు. రెండు గంటలు ఒంటికాలి మీద నిలబడ్డాడు. చివరికి ఒకావిడ పిల్లల్ని అటు జరిపి, "ఇలా ఇరుక్కోండి బాబాయ్‌గారూ," అంది. ఎదుటాయన అడిగాడు: "ఎక్కడిదాకా?"

ఎక్కడికీ అనుకోలేదు. "మా అమ్మాయి దగ్గరికి," అనేశాడు. అన్నాక, నిజమే కదా అనిపించింది.

సాయంత్రం దిగి, ఓ సంచిలో పళ్లు కొనుక్కుని వెళ్లాడు. కూతురు తలుపు తీసి కంగారు పడింది.

"ఏమైంది నాన్నా? ఒంట్లో బాగోలేదా?"

"బాగానే ఉంది. ఊరికే వచ్చానమ్మా."

ఊరికే రావడమేమిటో ఆమెకి అర్థం కాలేదు. కాసేపు గుమ్మంలోనే నిలబడి తండ్రి ముఖంలోకి చూసింది. తర్వాత ఆయన చేతిలోని సంచి అందుకుంది.