నాలుగో ముక్క

నాకు అనుమానం ఎక్కువ. అనకాపల్లిలో పుట్టి కూడా గోరుతో గిల్లి నాలిక మీద వేసుకుంటే గానీ బెల్లం కొనను. బడిపంతులుగా రిటైరయ్యేదాకా నేను నమ్మిన మనిషి ఒక్కడే, పుస్తకాల షాపు భాయ్.

గిరాకీ పడిపోయాక ఆయన వాలకం మారింది. పొద్దున్నే అచ్యుతాపురం వెళ్ళే కంపెనీ బస్సు షాపు ముందు ఆగగానే డ్రైవరుకి ఒక గుడ్డసంచి అందిస్తాడు. సాయంత్రం అది తిరిగొస్తుంది. ఏమిటని అడిగితే "ఏవో తిప్పలు మాస్టారూ" అని నవ్వేసేవాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. గుట్కా ప్యాకెట్లే అనుకున్నాను.

ఒకరోజు సాయంత్రం నమాజుకి వెళ్తూ షాపు చూస్తుండమన్నాడు. సంచి బల్ల కిందే ఉంది. విప్పాను. పుస్తకాల ముక్కలు! లావుపాటి నవలల్ని నాలుగేసి భాగాలుగా కోసి, అట్టలు వేసి దారంతో కుట్టాడు. ఒక ముక్క చివర 'అయిపోయింది, ఏడ్చాను' అని మా ఆవిడ చేతిరాత. ఆవిడ పోయాక, భద్రంగా ఉంటుందని భాయ్‌కి నేనే ఇచ్చిన నవల అది. ఒళ్ళు మండిపోయింది. నిలదీయడానికి సాక్ష్యం ఉండాలి కదా అని ఆ ముక్కని నా సంచిలో వేసుకున్నాను.

ఏమని కడిగేయాలో నాలుగు రోజులు ఆలోచించి, ఐదో రోజు పొద్దున్నే వెళ్ళాను. కంపెనీ యూనిఫాంలో ఒకమ్మాయి బస్సు దిగి పరిగెత్తుకొచ్చింది.

"నాలుగో ముక్క దొరికిందేటి బాయ్? మూడోది రెండుసార్లు సదివేసేను. కతలో ఆవిడ బతికిందో లేదో తెలీక పనిలో మనసు నిలవట్లేదు."

"ఎతుకుతున్నానమ్మా. ఎక్కడ పెట్టేనో ఏటో."

"లావు పుస్తకం బస్సులో పట్టుకోలేమని మీరేగా కోసిచ్చేరు. ఇలా మజ్జలో ఆగిపోతే నెలనెలా సందా కట్టడం మానేత్తామంటన్నారు మావోళ్ళు."

భాయ్ మొహం వాడిపోయింది. "మానకండమ్మా. మీ బస్సు మీదే ఈ షాపు నడుత్తంది."

నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. బస్సు హారన్ కొట్టింది. నా సంచిలోంచి ఆ ముక్క తీసి ఆ అమ్మాయి చేతిలో పెట్టాను. పేజీ తిప్పుకుంటూనే బస్సెక్కింది.

భాయ్ నావైపు తిరిగాడు. "సదవాలనిపిత్తే అడగొచ్చు కదా మాస్టారూ" అన్నాడు, అంతే. సిగ్గుతో చచ్చిపోయాను.

ఇప్పుడు షాపుకి వెళ్తే నా సంచి గుమ్మం దగ్గరే పెట్టి లోపలికి వెళ్తున్నాను. పెట్టమని ఆయన ఎప్పుడూ అనలేదు.