కాపీ మేడమ్

మా అక్కను ఆఫీసులో కాపీ మేడమ్ అంటారు. ఎదురుగా అనరు. ఒకసారి మీటింగులో మైకు ఆపడం మరిచిపోయి ఎవరో "దాన్ని కాపీ మేడమ్ చూసుకుంటుందిలే" అన్నారు. అక్క నవ్వలేదు, కోప్పడలేదు. "చూసుకుంటుంది" అని తనే జవాబిచ్చింది.

మాది నాలుగో అంతస్తులో రెండు గదులు, ఒక వంటిల్లు. ముందుగదిలో కిటికీ పక్కన, అక్క ఇంటి నుంచే ఆఫీసు పని చేసుకునే బల్ల ఉంటుంది. కిటికీ తెరిస్తే చెయ్యి చాచినంత దూరంలో పక్క భవనం గోడ, దాని మీద ఎవరివో నీళ్ళ గొట్టాలు. లోపలి గదిలో అమ్మ మంచం. తుంటి ఎముక విరిగినప్పటి నుంచి అమ్మ ఒకరి చెయ్యి పట్టుకోనిదే లేవలేదు. నా చదువు అప్పుడే ఆగింది. అక్క ఉద్యోగం మానితే ఇల్లు గడవదు, నేను బడి మానితే గడుస్తుంది. ఎవరూ కూర్చుని తేల్చిన సంగతి కాదు, అలా జరిగిపోయింది.

అక్క చేసేది కంపైలర్ పని. మనుషులు రాసిన ప్రోగ్రామును చిప్పుకు అర్థమయ్యే ఆదేశాలుగా మార్చేది కంపైలర్. అందులో చిట్టచివరి అంచె అక్కది. ప్రోగ్రాములో "ఇక్కడున్నది అక్కడ కాపీ చెయ్యి" అని ఉంటే, ఆ కాపీకి చిప్పులోని ఏ ఆదేశాలు వాడాలో ఎంచే భాగాన్ని తను రాస్తుంది. మామూలు ఆదేశం ఒక్కో అక్షరాన్ని మోస్తుంది. వెక్టర్ ఆదేశం పదహారు అక్షరాలను ఒకే విడతలో ఎత్తి దించుతుంది. అమ్మకు మాత్రం కాపీ అంటే పరీక్షలో కొట్టే కాపీయే.

"ఏమే, ఇంకా కాపీ కొడుతున్నావా?" అంటుంది లోపలి నుంచి. "చిన్నప్పుడు కొడితే మీ టీచరు నన్ను పిలిపించి చివాట్లు పెట్టింది. ఇప్పుడు దానికే జీతమిస్తున్నారు."

"అప్పుడు దొరికిపోయానమ్మా" అంటుంది అక్క.

ఆ పనిలో అక్క ముచ్చటపడే చోటు ఒకటుంది. దాన్ని నాకు చాపలతో చెప్పింది. అమ్మ గదిలో నేల మీద చాపలు పరుస్తున్నాం. రెండు చాపలు పరిచాక ఇంకా కొంచెం నేల మిగిలింది. మూడోది వేస్తే ఎక్కువవుతుంది. "ముక్క కోద్దామా?" అన్నాను. అక్క మూడో చాప అంచును గోడకు ఆనించి, ఎక్కువైన భాగం రెండో చాప మీదికి వచ్చేలా పరిచింది.

"కొయ్యక్కర్లేదే. కాపీలోనూ నేనింతే చేస్తాను. ఇరవై మూడు అక్షరాలుంటే మొదట పదహారు పెడతాను. మిగిలిన ఏడింటినీ ఒక్కొక్కటిగా మొయ్యను. కొస నుంచి వెనక్కి లెక్కేసి ఇంకో పదహారు పెడతాను. మధ్యలో కొన్ని రెండుసార్లు పడతాయి. అవే అక్షరాలు అదే చోట మళ్ళీ పడితే ఏం నష్టం?"

ఆ మాట చెబుతున్నప్పుడు అక్క ముఖం చూశాను. పాట శ్రుతిలో కుదిరినవాళ్ళ ముఖంలా ఉంది.

ఆ భాగం రాసినవాళ్ళు మొదట్లో నలుగురు. ముగ్గురు ఒకరి తర్వాత ఒకరు వేరే పనులకు వెళ్ళిపోయారు. అక్క మిగిలింది. ఆ కోడులో ఎక్కడేముందో తనకొక్కదానికే తెలుసు గనక తనను కదలనివ్వరు. తను కదలదు గనక ఇంకెవరూ నేర్చుకోరు. కొత్త చిప్పుకు అసలు ఏ ఆదేశాలు ఉండాలో ఆలోచించే జట్టు ఒకటి అదే కంపెనీలో ఉంది. అక్క మనసంతా దాని మీదే. ఆ జట్టు పెద్దావిడ కూడా అక్కను రమ్మని తనే అడిగింది. అక్కడైతే పని వేళలకే పని, ఇక్కడిలా పొద్దున్నే మీటింగులుండవు. పొద్దున అమ్మ దగ్గర అక్క కూర్చుంటుంది, నేను ఆగిపోయిన పరీక్షకు క్లాసులకు వెళ్ళొచ్చు. అక్క ఈ సంగతి చెప్పగానే నేను లేచాను. వంటింట్లోకి వెళ్ళి, సర్దిన గిన్నెలనే మళ్ళీ సర్దుకున్నాను.

అక్క పై అధికారికి మేము పెట్టుకున్న పేరు చూద్దాంగారు. ఏది అడిగినా "చూద్దామమ్మా" అంటాడాయన. మంచి మనిషే, అమ్మ ఆరోగ్యం అడగకుండా ఫోను పెట్టడు. ఈసారి మాత్రం మాట ఇచ్చాడు. "కొత్త చిప్పుకు వెక్టర్ కాపీ పూర్తిచేసెయ్. అది బయటికి వెళ్ళాక నువ్వూ వెళ్ళు" అన్నాడు. అక్క పూర్తిచేసింది. అది కంపెనీ పెట్టిన పరీక్షలన్నీ దాటింది. అవతలి జట్టు పెద్దావిడ ఫోను చేసి సోమవారం నుంచి రమ్మంది. నా క్లాసులు మొదలయ్యేదీ ఆ సోమవారమే. అక్క ఆ రోజు బల్ల మీది తీగలన్నీ విప్పి, దుమ్ము తుడిచి, మళ్ళీ పెట్టుకుంది.

ఆ వారం గడవకముందే ఒక ఫోటో వచ్చింది. మందుల సీసాల మీద అంటించే చీటీలను అచ్చువేసే యంత్రాల కంపెనీ పంపింది. అక్క కొత్త కంపైలర్‌తో తయారైన యంత్రాన్ని పరీక్షకని ఒక మందుల షాపులో పెట్టారట. చీటీ మీద "రోజుకు ఒక మాత్ర ఒక మాత్ర భోజనం తర్వాత" అని ఉంది. షాపులో మనిషి చూసి ఆపాడు గనక సరిపోయింది.

అక్క ఆ ఫోటోను పెద్దది చేసి చూసింది, చిన్నది చేసి చూసింది. తర్వాత కుర్చీలో వెనక్కి వాలింది.

"మధ్యలోది రెండుసార్లు పడింది" అంది.

"మళ్ళీ పడితే నష్టం లేదన్నావుగా?"

"మెమరీ అయితే లేదు. ఇది మెమరీ కాదే, ప్రింటరు నోరు. అందులో వేసింది వేసినట్టు కాగితం మీదికి పోతుంది. రెండుసార్లు వేస్తే రెండుసార్లు." తెర మీద ఒక లైను చూపించింది. "ఇది మామూలు మెమరీ కాదని కంపైలర్‌కు ఒక్క మాట చెప్పాలి. వాళ్ళు చెప్పలేదు. ఇన్నాళ్ళూ మనం ఒక్కొక్క అక్షరమే వేశాం గనక బయటపడలేదు."

"అయితే తప్పు వాళ్ళదేగా?"

"వాళ్ళదే."

"ఏంటే ఆ చీటీ? మళ్ళీ చదువు" అంది అమ్మ లోపలి నుంచి. చదివాను. "ఒకటీ ఒకటీ అంటే నేనైతే రెండు మింగుతాను" అంది.

అక్క ఆ తర్వాత తప్పెవరిదన్న మాట ఎత్తలేదు. ఆ కంపెనీ ప్రోగ్రామరుకు ఫోను కలిపింది. స్పీకర్లో మెత్తని గొంతు వినిపించింది.

"ఒక్క లైను మారిస్తే సరిపోతుందండి. ఏం రాయాలో నేనే పంపిస్తాను" అంది అక్క.

"ఆ ఫైలు జోలికి మమ్మల్ని పోనివ్వరు మేడమ్. ఇదివరకు ఎవరో సవరించబోతే యంత్రాలన్నీ మొరాయించాయట. అప్పట్నుంచి దాన్ని ముట్టుకోవాలంటే అందరికీ హడలు."

"రాసినాయన్ని అడగొచ్చుగా?"

"మానేసి వెళ్ళిపోయాడండి. ఫోనెత్తడు. ఆయన స్థానంలో ఉంటే నేనూ ఎత్తను."

అక్కకు నవ్వొచ్చింది. ఆయనా నవ్వాడు. "అయినా మీరుండగా మాకేం భయం మేడమ్" అన్నాడు. అక్క నవ్వు అక్కడే ఆగిపోయింది.

మర్నాడు అక్క తను ముచ్చటపడ్డ ఆ భాగాన్నే తీసేసింది. చివర మిగిలినవాటిని ఒక్కొక్కటిగా మోసేలా, అందరికీ ఒకే తీరుగా రాసింది. ఒకరి కోసమని ప్రత్యేకంగా ఏదీ లేదు, గుర్తుపెట్టుకోవలసిందీ లేదు.

"ఇప్పుడిది ఎవరైనా చదువుకోవచ్చు. నన్ను అడగక్కర్లేదు" అంది. ఇష్టపడి కుట్టుకున్న బట్టను విప్పి సంచి కుట్టినట్టుంది నాకు. అయినా అక్క తేలిగ్గానే కనిపించింది. అన్నం రెండోసారి పెట్టించుకుంది.

మధ్యాహ్నం చూద్దాంగారు ఫోను చేశాడు.

"అమ్మగారెలా ఉన్నారు? ఏంటమ్మా, వేగం అలా పడిపోయింది?"

"చిన్న కాపీలకే సార్. కానీ ఇక ఎవరికీ ఇబ్బంది రాదు."

"అమ్మకాలవాళ్ళు ఆ వేగం గురించి ఊరంతా డప్పు కొట్టుకున్నారు తల్లీ. అట్టపెట్టెల మీద అచ్చు కూడా అయిపోయింది. పెట్టెలన్నీ చింపమంటావా?"

అక్క తెర మీద తను కొత్తగా రాసినదాన్ని పైకి జరిపి మళ్ళీ చూసుకుంది.

"పాతది ఉన్నది ఉన్నట్టే ఉంచు. ఆ ప్రింటరు వాళ్ళొక్కళ్ళకీ ఒక మినహాయింపు పెట్టెయ్. సాయంత్రానికి అయిపోతుంది నీకు."

"పెట్టడం సాయంత్రానికి అవుతుంది సార్. తర్వాత దాన్ని ఎవరు చూసుకుంటారు? సోమవారం నేను వెళ్ళిపోతున్నాను."

"అదే మాట్లాడదామనుకున్నాను. ఇలాంటివి ఇంకెన్ని బయటపడతాయో తెలీదు కదా. ఆ జట్టు పెద్దావిడతో మాట్లాడాను, అర్థం చేసుకుంది. బయటి నుంచి ఇంకొకర్ని తీసుకుంటోంది."

"ఇది బయటికి వెళ్ళాక నన్ను వెళ్ళమన్నారు సార్."

"అన్నాను. కాదనను. వచ్చే చిప్పు కానీ, అప్పుడు చూద్దాం."

అక్క ఫోను బోర్లా పెట్టింది. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను.

"మినహాయింపు పెట్టనంటే ఏమవుతుందక్కా?"

"ఆ యంత్రాలు షాపుల్లోకి పోతాయి. అమ్మలాంటివాళ్ళు ఆ చీటీలు చదువుకుంటారు."

మానెయ్యి అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మాట అనగలిగేవాళ్ళు మా ఇంట్లో ఎవరూ లేరు.

అక్క తీసేసిన భాగాన్ని మళ్ళీ పెట్టింది. దాని కింద ప్రింటరు కోసం నాలుగు లైన్లు చేర్చింది. ఇలాంటి మినహాయింపు పక్కన, సందేహం వస్తే ఎవరిని అడగాలో పేరు రాయాలన్నది వాళ్ళ నియమం. పేరు లేకపోతే కంప్యూటరు ఒప్పుకోదు. అక్క మొదట చూద్దాంగారి పేరు రాసింది. చెరిపేసింది. ఆ మెత్తని గొంతు ప్రోగ్రామరు పేరు రాసి, తనలో తనే నవ్వుకుని, అదీ చెరిపేసింది.

"ఎప్పుడే నీ కొత్త పని?" అని అడిగింది అమ్మ.

"వెళ్ళడం లేదమ్మా."

"పోనీలే. ఇద్దరూ నా కళ్ళ ముందే ఉంటారు."

అమ్మ మనస్ఫూర్తిగా అంది. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

అక్క తన పేరు రాసింది. ఇంకొకరు చదివి సరేనంటేగానీ కోడు లోపలికి పోదు. అక్క అలా పంపగానే చూద్దాంగారు ఇలా సరేననేశాడు. "నువ్వు రాశాక నేను చదివేదేముందమ్మా" అని పక్కన రాశాడు.

"పొద్దుటి మీటింగు కొంచెం వెనక్కి జరపమని అడుగుతాను. నువ్వు క్లాసుకు వెళ్దువుగాని" అంది అక్క, తెర మీంచి చూపు తిప్పకుండానే.

అడిగింది కూడా. మిగతా అందరికీ ఆ వేళే కుదురుతుందట. సోమవారం పొద్దున నేను అమ్మను లేపి కూర్చోబెట్టి, మా మాటలు అక్క మీటింగులోకి వినపడకుండా మధ్య తలుపు వేశాను.