మోకాళ్ళ నొప్పులు తగ్గాయని రాసిన ఉత్తరం

సముద్రం అవతల పినాంగులో మా చెల్లెలి దగ్గర ఎనిమిది నెలలుండి తిరిగొచ్చిన రోజున, ఆమదాలవలస స్టేషనుకి మా ఆయనా, మా అన్నా ఇద్దరూ వచ్చారు. నా ట్రంకుపెట్టె మోయడానికి కాబోలు అనుకున్నాను. నెల్లిమర్లలో మా ఇంటికి వెళ్ళేలోగా అమ్మను చూడాలని ఓడలోనే అనుకున్నాను. ఆ మాట అంటే మా ఆయన మారు పలక్కుండా పుట్టింటి బండే ఎక్కారు.

చెల్లెలి భర్త, మా మరిది, అక్కడ రబ్బరు తోటలో గుమాస్తా. చెల్లెలికి రెండు కాన్పులు దక్కలేదు. మూడోసారి మంచం దిగవద్దన్నారు. తనకు అత్తగారు లేరు. అమ్మ వెళ్ళవలసింది, కానీ మోకాళ్ళ నొప్పులతో మా గుమ్మం మెట్లే ఎక్కలేకపోయేది, ఓడ మెట్లు ఏం ఎక్కుతుంది? పిల్లలు లేనిదాన్ని కనుక నేను వెళ్ళాను. మా ఆయన 'వెళ్ళు' అన్న ఆ ఒక్క మాటకి ఇప్పటికీ మనసులో దణ్ణం పెట్టుకుంటాను.

అమ్మకు చదువు రాదు. నాన్న మా ఇద్దరికీ ఇంట్లోనే పలక మీద దిద్దించారు గానీ అప్పటికి ఆయన కళ్ళకు పొరలు కమ్మాయి. అందుచేత అమ్మ చెబుతూ ఉంటే అన్న భార్య, మా వదిన, ఉత్తరాలు రాసేది. నెలకొకటి నా పేర వచ్చేది. ఒకదానిలో 'నా మోకాళ్ళ నొప్పులు తగ్గాయి, పెరట్లోకి నడుస్తున్నాను' అని ఉంది. మర్నాడే అక్కడి సుబ్రహ్మణ్యస్వామి గుడికి వెళ్ళి కొబ్బరికాయ కొట్టాను. మళ్ళీ వస్తాయేమోనని జాజికాయ తైలం సీసా ఒకటి కూడా కొన్నాను.

బండి దిగేసరికి వదిన గుమ్మంలోంచి రాలేదు. ఇంటి పక్క సందులోంచి వచ్చింది.

"ఇటు రా అమ్మీ, పెరట్లోకి. నీళ్ళు కాగున్నాయి. తలమీద పోసుకుని లోపలికొద్దువు."

నాకు నవ్వొచ్చింది. "ఏటొదినా, సముద్రం దాటొచ్చినానని మైలేటి నాకు? అమ్మని పిలు, ఆవిడే నీకు గెడ్డి పెడతాది."

అరుగు మీంచి నాన్న గొంతు వినబడింది. "స్నానం సేసి రా తల్లీ. మీ అమ్మ పోయి అయిదు నెల్లయింది."

కట్టుకున్న చీరతోనే నా మీద నీళ్ళు కుమ్మరించారు. మూడు రోజుల జ్వరంతో పోయిందట. కబురు రాసిన ఉత్తరం మరిది చేతికే అంది, చావు కబురు ఇంట్లో ఉంచకూడదని ఆయన అక్కడికక్కడే చింపేశాడట. నాకు చెబితే నా మొహం చూసి చెల్లెలు కనిపెట్టేస్తుందనీ, కడుపుతో ఉన్నదానికి ఏమవుతుందోననీ అందరూ కలిసి అనుకున్నారు. మా ఆయనతో సహా.

కబురు విన్ననాటి నుంచి మూడు రోజులు నాకు మైల కాబట్టి దీపం ముట్టుకోలేదు. ముట్టుకునే మనసూ లేదు. నెలలు వెనక్కి లెక్కపెట్టుకుంటే, మోకాళ్ళ సంగతి రాసిన ఉత్తరం అమ్మ పోయిన రెండు నెలలకు వచ్చింది. ఆ కొబ్బరికాయ ఎవరి పేర కొట్టాను? స్వామి అది ఎలా పుచ్చుకున్నాడు? వదినతో నేను మాట్లాడలేదు. మూడోనాడు తనే నా పక్కన వచ్చి కూలబడింది.

"మావ రాయమన్నాడు, మీ అన్న రాయమన్నాడు. ఏటి రాయాలో తెలక సచ్చిపోయేదాన్నమ్మా. ఆవిడకి ఏది బాధో అదే తగ్గిపోయిందని రాసేసినాను."

నేను పక్కకు జరిగి ఆమెకు చాప మీద చోటిచ్చాను.

నాలుగోనాడు నాన్న ఒక ఉత్తరం నా చేతిలో పెట్టారు. నేను ఓడలో ఉండగానే చెల్లెలి దగ్గర్నించి విమానం టపాలో వచ్చింది. 'అక్క వెళ్ళాక ఇల్లు బోసిపోయింది. పాపకు రెండు నెలలు నిండినా అమ్మ నాకు ఒక్క ముక్క రాయించలేదు. కోపమా?' అని రాసింది.

"నావల్ల కాదు మావా ఇంక," అంది వదిన.

"రాత నీదే ఉండాల గదే! మాటలు ఇది సెప్తాది," అన్నారు నాన్న.

"నాను అబద్ధం సెప్పను నాన్నా. నాకు సేసింది సాలదేటి?"

ఆయన నా చెయ్యి పట్టుకుని అన్నారు: "అయితే నిజమే రాయించు. నానాపను. పచ్చి బాలింత. పాలెండిపోతాయో, ఉంటాయో! ఆ పిల్ల మొగం సూసొచ్చినదానివి నువ్వే."

చూశాను. ఇద్దరు బిడ్డల్ని పోగొట్టుకున్న మా చెల్లెలు, ఆ పాప మొదటిసారి రొమ్ము పట్టిన పూట ఊపిరి బిగబట్టి నావైపు చూసిన చూపు కూడా చూశాను. దేవుడి గూడు ముందు కాసేపు కూర్చున్నాను. ఏమీ అడగలేదు, చేతులు జోడించి లేచాను. వచ్చి వదిన పక్కన కూర్చున్నాను.

"రాయి వదినా. 'ఒసే, పిల్ల సెవులకి గుడ్డ కట్టకుండా గాలికి తిప్పుతున్నావంట, అక్క సెప్పింది. బుద్ధుందా నీకు? ఎల్లుల్లి కారం అన్నంలో కలుపుకుని తిను. మొగం ముడుసుకున్నావంటే అక్కడికొచ్చి తంతాను.'"

వదిన కలం ఆగిపోయింది. "అత్త అచ్చం ఇలాగే తిట్టేది. నాకు ఆ తిట్లు రాయడానికే సెయ్యొచ్చేది కాదమ్మా."

ఆఖరున ఏం రాయాలని వదిన అడిగింది. పోయిన మనిషి పేర దీవెన ఎలా చెప్పడం? నాన్నే అందుకున్నారు. "'పిల్లా నువ్వూ సల్లగుండండి, మీ అమ్మ' అని రాయమ్మా. అదెక్కడున్నా అదే అంటాది."

నెల తిరక్కుండా జవాబొచ్చింది. 'అమ్మ ఇన్నాళ్ళకి తిట్టింది. నాకు ప్రాణం లేచొచ్చింది' అని రాసింది. నాన్న దాన్ని నాచేత రెండుసార్లు చదివించుకున్నారు.

అలా ఇంకో రెండు ఉత్తరాలు రాశాం. నెల్లిమర్ల నుంచి అందుకోసమే వచ్చేదాన్ని. అయిదో నెలలో పాపకు అన్నప్రాశన చేసి, తర్వాత మరిది చెల్లెలికి నిజం చెప్పాడు. పాలు తప్పలేదు, పాప పెరిగింది. దానికి నేను స్వామికి ఎన్ని దణ్ణాలు పెట్టినా తీరదు.

ఆ మరుసటి నెల ఉత్తరం రాసే రోజున కూడా అలవాటు చొప్పున పుట్టింటికి వచ్చాను. వదిన కాగితం తియ్యలేదు, నేను తియ్యమనలేదు. ఆ రోజే ఇద్దరం అమ్మ కోసం ఏడ్చాం.