సహాయాలు: లేవు

నా నోట్‌బుక్‌లో ప్రతి పేజీకీ ఆరు నిలువు గడులుంటాయి. తేదీ, ట్రాక్, కారు, టైర్లలో గాలి, చుట్టు తిరిగిన టైము, సహాయాలు. చివరి గడిలో రెండేళ్ళ పాటు ఒకటే మాట రాశాను: లేవు. స్కేలు పెట్టి గీసిన గీతలు, నీలం ఇంకు, ఒక్క కొట్టివేత కూడా లేదు. ఐదో పేజీ నుంచి ఆ మాట అబద్ధమని నాకు మొన్న ఎండాకాలంలో తెలిసింది.

రేసింగ్ సిమ్యులేటర్‌లో సహాయాలంటే, కారును మన బదులు ఆటే కొంత కాసుకోవడం. బ్రేకు గట్టిగా తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూడటం ఒకటి. చక్రాలు పట్టు దొరక్క ఉత్తినే తిరగకుండా ఇంజిన్‌ను అదుపు చేయడం రెండోది. మలుపులో వెనక భాగం జారబోతే మనకంటే ముందే సర్దేయడం మూడోది. నేను మెకానికల్ చదివాను, ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో డ్రాయింగులు గీస్తాను. సాయంతో తెచ్చుకున్న టైముకు విలువ లేదని నా నమ్మకం. మా బావకీ అదే నమ్మకమనుకున్నాను.

బావ మా మేనత్త కొడుకు, నాకంటే నాలుగేళ్ళు పెద్ద. ఆటోనగర్‌లోనే స్పేర్ పార్టుల షాపు నడుపుతాడు. పటమటలో వాళ్ళ మేడ మీద గదిలో ఇద్దరం కలిసి ఆ యంత్రాన్ని నిలబెట్టాం. తుక్కు కారులోంచి తీసిన సీటు, మా షెడ్డులో వెల్డింగ్ చేయించిన ఇనుప చట్రం, చేతికి బరువు తెలిసే స్టీరింగు, మూడు పెడళ్ళు. చట్రం లెక్కలు నావి, కంప్యూటర్ సెట్టింగులు బావవి. ఆటలో ఇద్దరికీ చెరో ఖాతా తనే తెరిచాడు.

"అన్నీ తీసేశాన్రా. ఇక నీ చేతులే నీకు దిక్కు" అన్నాడు మొదటి రోజు.

తెర కింద మూలన సాయం గుర్తులు రెండూ ఆరిపోయి ఉండేవి. మూడో సాయానికి గుర్తు ఉండదు, సెట్టింగుల్లో లోపలి పేజీ తెరిచి చూడాలి. నేను తెరవలేదు. మొదటి నెలంతా మలుపు మలుపుకీ గింగిరాలు తిరిగాను. స్టీరింగు అమ్మేద్దాం బావా అని కూడా అన్నాను. తర్వాత ఒక శనివారం ఉన్నట్టుండి కారు నా మాట వినడం మొదలుపెట్టింది. ఆ రోజు ఐదో పేజీలో అడుగున రాసుకున్నాను: ఇవాళ చెయ్యి కుదిరింది. కింద రెండు గీతలు గీశాను.

చిన్నప్పటి నుంచీ క్రికెట్‌లో నన్ను స్కోరు రాయడానికే పిలిచేవాళ్ళు. నా అక్షరాలు బాగుంటాయి, లెక్క తప్పను. అందుకే ఆ రెండు గీతలు నాకు పెద్ద సంగతి.

గన్నవరం దాటాక ఇళ్ళ ప్లాట్ల వెంచర్ కోసం చదును చేసి వదిలేసిన నేల ఉంది. అక్కడ ప్లాస్టిక్ శంకువులు నిలబెట్టి, ఒక్కో కారునూ విడిగా నడిపించి టైము చూసే పోటీ పెడుతున్నారని తెలిసింది. కారుకి ఒక డ్రైవరు, ఒక హెల్పరు. మాకున్నది బావ పాత పెట్రోలు కారొక్కటే. నేను టేపు పట్టుకెళ్ళి మలుపులన్నీ కొలిచి, ఆ దారిని కంప్యూటర్‌లో కట్టాను. చెరో పది చుట్లు తిరగాలి, ఎవరి సగటు తక్కువైతే వాళ్ళు డ్రైవరని ఒప్పందం. బావ కంటే ఒకటిన్నర సెకను ముందొచ్చాను.

"నువ్వే నడుపుతున్నావ్ బామ్మర్దీ!" అని బావ నా వీపు చరిచాడు. మర్నాడు పోటీ ఫారం తనే నింపి ఇచ్చొస్తానన్నాడు.

కారును ఆటోనగర్‌లో తెలిసిన మేస్త్రికి చూపించాం. ఆయన స్టీరింగు పట్టుకుని అటూ ఇటూ కదిపాడు.

"ఆడతందండీ" అన్నాడు.

"ఎన్ని డిగ్రీలు?"

"డిగ్రీలు నాకేం తెల్సండీ. రెండు వేళ్ళు ఆడతంది."

"మా యంత్రంలో సున్నా అండీ. అస్సలు ఆడదు."

"ఆడుకునే బండి ఆడదు, నడిపే బండి ఆడుద్ది. బాగుందండీ ఇంజనీరు గారూ!" అని నవ్వి, స్టీరింగు కింద జాయింటు మార్చాడు. "ఇంకా కొంచెం ఉంటది. ఉందని తెలిస్తే పర్లేదు. తెలీకపోతేనే చెయ్యి మోసపోద్ది."

నేను నవ్వాను. బావ నవ్వలేదు. అప్పుడు దానికి అర్థం వెతకలేదు.

పోటీకి ముందు ఆదివారం, వచ్చినవాళ్ళని ఆ నేల మీద నడిపి చూసుకోనిచ్చారు. బావ ముందు నన్నే ఎక్కమన్నాడు. సిమ్యులేటర్ చెప్పని సంగతులని ఆ పూట పదకొండు రాసుకున్నాను. హెల్మెట్ లోపల నా ఊపిరి నాకే వినపడటం, ఏసీ ఆపేసిన కారులో చెమటకి అరచేతులు జారడం, ముందు వెళ్ళిన కారు దుమ్ము నోట్లో కరకరలాడటం, ఒక గుంతలో పడ్డ దెబ్బ స్టీరింగులోంచి కాక నడుములోంచి తెలియడం. వీటన్నిటికీ అలవాటు పడొచ్చు. పదకొండోది మూడో మలుపు.

ఆ మలుపు మధ్యలో యాక్సిలరేటర్ మీంచి కాలు తీశాను. మేడ మీద గదిలో అలా తీస్తే కారు ముక్కు చక్కగా లోపలికి తిరిగి టైము కలిసొచ్చేది. నా సగటు అంత తగ్గిందంటే సగం కారణం ఆ కిటుకే. ఇక్కడ ముక్కు తిరిగింది. దాని వెంట వెనక భాగమూ వచ్చేసింది. స్టీరింగు ఎదురు తిప్పాలని నా చేతులకి తోచనే లేదు. దుమ్ము తగ్గాక చూస్తే, వచ్చిన దారే నాకు ఎదురుగా ఉంది.

బావ పరుగెత్తుకొచ్చాడు. "దెబ్బేం తగల్లేదుగా?"

"లేదు. కారుకీ ఏం కాలేదు."

"పోన్లేరా. నేల వేరు, ఆట వేరు. ఇవాల్టికి చాల్లే" అని తను నడపకుండానే ఇంటికి బయల్దేరదీశాడు.

మర్నాడు సెలవు పెట్టి మేడ మీద గదికెళ్ళాను. అదే మలుపు, అదే వేగం, అదే చోట కాలు తీశాను. కారు తిరగలేదు. పదిసార్లు తీశాను, పదిసార్లూ బుద్ధిగా మలుపు దాటింది. మధ్యలో అత్తయ్య మజ్జిగ తెచ్చి, "సెలవు పెట్టి మరీ ఈ కుర్చీలో కూచున్నావా? కదలని కారుకి ఇంత చెమటేంట్రా!" అంది. గ్లాసు పక్కన పెట్టి, నా ఖాతాలోంచి బయటికొచ్చి బావ ఖాతా తెరిచాను. మిగతావన్నీ అవే ఉంచి కాలు తీశాను. మొదటిసారికే కారు గిర్రున తిరిగింది.

రెండు ఖాతాల సెట్టింగులూ పేజీ పేజీ పోల్చుకుంటూ వచ్చాను. నాలుగో పేజీలో దొరికింది. జారితే సర్దే సాయం: బావకి సున్నా, నాకు ముప్పై శాతం.

నాది కూడా సున్నా చేసి పది చుట్లు తిరిగాను. బావ సగటు కంటే నాలుగు సెకన్లు వెనకబడ్డాను. తర్వాత టైర్లలో గాలి మార్చి మార్చి తిరిగి, కుదిరిన అంకె నోట్‌బుక్‌లో రాసుకున్నాను.

సాయంత్రం షాపుకెళ్ళాను. బావ బ్రేకు ప్యాడ్ల పెట్టెలు సర్దుతున్నాడు.

"ముప్పై ఎప్పుడు పెట్టావ్ బావా?"

దేని గురించి అని కూడా అడగలేదు. పెట్టె కింద పెట్టాడు.

"మొదటి నెల్లోనే. స్టీరింగు అమ్మేద్దాం అని ఏడుపు మొహం పెట్టావుగా. ఓ వారం ఉంచి తీసేద్దామనుకున్నా."

"రెండేళ్ళయింది."

"నీ మొహంలో కళ చూశాక తియ్యబుద్ధి కాలేదురా. ఆ బుక్కులో రాసుకుంటా, గీతలు కొట్టుకుంటా... ఎట్లా చెప్పను?"

"మరి పోటీ పెట్టుకున్న రోజు?"

ఎవరో బేరింగ్ అడగడానికొచ్చారు. బావ అటు తిరిగాడు. వాళ్ళు వెళ్ళిపోయాక మళ్ళీ బ్రేకు ప్యాడ్ల పెట్టెలు అందుకున్నాడు.

ఆ రాత్రికి ఒక నిర్ణయానికొచ్చాను. దాపరికం బావది, కానీ కారు నడపగలిగిందీ బావే. డ్రైవరు సీటు ఇచ్చేయడమే సబబు. మర్నాడు పోటీ పెట్టేవాళ్ళకి ఫోన్ చేసి డ్రైవరు పేరు మార్చాలన్నాను. అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు వినిపించింది.

"ఏం మార్చాలండీ? డ్రైవరు ఆయనే కదా, మొదట్నుంచీ. మీరేమో హెల్పరు. ఫారంలో అట్లాగే ఉందండీ."

వీపు చరిచిన మర్నాడు నింపిన ఫారం అది.

ముప్పై శాతాన్ని ఎలాగో జాలి కింద రాసుకోగలిగాను. ఫారాన్ని ఏ గడిలో రాయాలో తెలియలేదు. గెలవనిచ్చాడు, వీపు చరిచాడు, నేల మీద నేను తిరిగిపోతానని తెలిసీ ఆ ఆదివారం నన్నే ముందు ఎక్కించాడు. నేను తిరిగిపోయాక, నా అంతట నేనే దిగిపోతానని ఎదురుచూశాడు. దిగాను కూడా.

పోటీ రోజు వెళ్ళకుండా ఉండాల్సింది. వెళ్ళాను. బావ నన్ను చూసి, "వచ్చావా" అన్నాడు. నువ్వే నడుపు అన్నాను, ఫోన్ సంగతి ఎత్తలేదు. డాష్‌బోర్డు మీద నేను పోయిన వారం అంటించిన కాగితం అలాగే ఉంది: ముందు టైర్లకి ముప్పై, వెనక ముప్పై ఆరు. బావ ఆ కాగితం చూస్తూ గాలి కొట్టించాడు. కారు లెక్కల్లో నన్ను ఎప్పుడూ తిరిగి అడగడు.

ఆ ముప్పై ఆరు తప్పు. జారితే సర్దే సాయం ఉన్నప్పుడు కుదిరిన అంకె అది. సాయం తీసేసి తిరిగిన రోజున నాకు తేలింది ఇరవై ఎనిమిది. అది నా నోట్‌బుక్‌లో తప్ప ఎక్కడా లేదు. ముప్పై ఆరుతో మూడో మలుపుకెళ్తే వెనక టైర్లు పట్టు వదిలేస్తాయి. ఈసారి ఆ మలుపు బయట ఇటుకలు పేర్చి ఉన్నాయి.

మా ముందు ఐదు కార్లున్నాయి. నాలుగు వెళ్ళేదాకా నేను నోరు విప్పలేదు. బావ హెల్మెట్ పెట్టుకుని బెల్టు బిగించుకున్నాడు.

ఐదో కారు కదిలాక కిటికీ దగ్గరికెళ్ళాను. "వెనక ఇరవై ఎనిమిదికి దించాలి."

"ఏంటీ?"

"ఆ అంకె తప్పు. దించాలి."

నేనే వెనక్కెళ్ళి కూర్చుని, గేజీ పెట్టి రెండు టైర్లలోనూ గాలి వదిలాను. బావ కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"ముందే చెప్పచ్చుగదరా!"

"నువ్వూ చెప్పచ్చుగా."

బావ తల లోపలికి తీసుకున్నాడు. జెండా ఊపారు.

మూడో మలుపులో వెనక భాగం ఒక్క జానెడు జరిగింది. బావ చేతులు సర్దాయి. ఇటుకలకి దూరంగా, దుమ్ము లేపుకుంటూ దాటి వెళ్ళిపోయాడు. ఎన్నో స్థానమొచ్చిందో వినడానికి నేను ఆగలేదు. ఉయ్యూరు వెళ్ళే బస్సెక్కి, దారిలో మా ఊళ్ళో దిగి, ఇంటికి నడిచాను. ఆ తర్వాత పటమట మేడ ఎక్కలేదు. ఆ చట్రం ఇంకా అక్కడే ఉంది.

బస్సులో నోట్‌బుక్ తీశాను. ఐదో పేజీలో రెండు గీతల పైనున్న మాట కొట్టేశాను, మొట్టమొదటి కొట్టివేత. తర్వాత చివరి పేజీకొచ్చి ఆ రోజు పరుగు రాశాను. తేదీ, గన్నవరం నేల, బావ కారు, ముందు ముప్పై, వెనక ఇరవై ఎనిమిది. టైము నా గడియారంలో పట్టిందే.

సహాయాలు: ఒకటి.